చాచా వాకిట్ల సిగ్నల్

పోయిన ఎండకాలం మా గుట్ట మీదికి ఎలుగుబంటి రాకపోతే మా అబ్బా, మా చాచా ఇయ్యాల్టిదాంక మాట్లాడుకోకపోదురు. నా పెండ్లి సుత ఇంకో తీరుగ అయితుండె కావొచ్చు.

మాది మొర్రిగూడెం. మానుకోటల బస్సెక్కితే అడివి నడుమంగ వచ్చి వచ్చి, ఇగ తొవ్వ అయిపోయింది అనుకున్న తాన మా ఊరు ఉంటది. మూడు దిక్కుల గుట్టలు, నడుమల లోతు గంజు గిన్నెల పోసినట్టు ఇండ్లు. చూడనీకె మస్తుగుంటది గని ఫోన్ పట్టుకున్నోళ్లకు మాత్రం పరేషాన్. ఊరి మలుపుల బస్సు తిరగంగనే లోపలున్నోళ్ల ఫోన్లన్నీ ఒక్కపాలి చప్పబడతయి. "హలో, హలో" అనుకుంట ఒకరి మొఖం ఒకరు చూసుకొని, సగం ముచ్చట నోట్లనే పెట్టుకొని దిగుతరు.

ఎవరికన్న ఫోన్ చెయ్యాల్నంటే గుట్టెక్కాలె. గుట్ట నెత్తి మీద సాపుగ ఒక బండ ఉంటది. మాపటీలి ఆ బండ మీద జాతర లెక్క జనం. ఒకరు అల్లునితోటి, ఒకరు ఎరువుల దుకాణమాయనతోటి, ఒకరు పింఛన్ సంగతి, అందరు ఒక్కతాన నిలబడి ఒర్రుడు. ఎవరింట్ల ఏం జరుగుతున్నదో అందరికి ఎరుకే. బ్యాంకోళ్లు పంపే నంబర్ కోసం గుట్టెక్కి, అది చూసుకొని ఉరుక్కుంట దిగి ఇంటికొచ్చేసరికి దాని గడువు అయిపోయేది. మళ్ల ఎక్కుడు.

ఇప్పపువ్వు రాలే రోజులవి. ఆ పువ్వు వాసనకు ఎలుగుబంటి వచ్చింది. మా ఇంటెనుకుండే చంద్రయ్య తాత దాన్ని మొదలు చూసిండు. బిడ్డతోటి మాట్లాడనీకె పోయి, ఫోన్ చెవికాడ పెట్టుకొనే ఉరికొచ్చి మా అరుగు మీద పడ్డడు.

"నాకంటె ముందే వచ్చి బండ మీద కూసుంది పిల్లా! నా దిక్కు చూసింది. నేను దాని దిక్కు చూసిన. ఇగ గంతే."

"ఏమన్న అన్నదా తాతా?" అన్న నేను, నీళ్లిచ్చుకుంట.

"అన్నదాంక నేనెందుకుంట?"

అడివి ఆఫీసోళ్లు వచ్చి, పువ్వు అయిపోయిందాంక గుట్ట దిక్కు ఎవరు పోవద్దని చెప్పి పోయిన్రు. ఇగ ఊరంత మూగబోయింది. ఎవరికేం కావాలన్న బండ్లేసుకొని మలుపు అవతలిదాంక పోవుడే.

గప్పుడే చాచీ ఫోన్ మోగింది.

గిది చెప్పేముందు మా ఇంటి సంగతి జర చెప్పాలె. మా అబ్బా పేరు ఫకీర్ అహ్మద్. కాలిపోయిన బాయి మోటర్లకు తీగ చుట్టి బాగుచేస్తడు. చాచా, అంటే అబ్బా తమ్ముడు మాజిద్, ఆటో నడుపుతడు. ఒక్కటే వాకిలి, రెండు ఇండ్లు. నేను మిషన్ కుట్టుడు నేర్చుకున్నది చాచీ కాడ్నే. అసొంటి వాకిట్ల గోడ లేసింది. ఎందుకంటే, చాచా బిడ్డ ఉజ్మా పెండ్లిల మా అబ్బా నలుగురి ముందట అన్నడు, "దాల్చాల బొక్కలు ఈత కొడుతున్నయి, మాంసం ముక్కలేవి?" అని. నవ్వులాటకే అన్నడు. గని ఆ పొద్దు చాచా తెల్లారంగ లేచి వంట దేగ్‌ల కాడ నిలబడి ఉన్నడు, అలిసిపోయి ఉన్నడు. "ఈతొచ్చినోళ్లే తినుండ్రి, రానోళ్లు లేవుండ్రి" అన్నడు. మా అబ్బా లేచిండు. మర్నాడే ఇటుకలొచ్చినయి. మనిషెత్తు గోడ.

అటెన్క ఇద్దరు ఒక్కటే మసీదుల నమాజు చేసుకుంట, ఒక్కటే తొవ్వల నడుచుకుంట, ఒకరినొకరు చూడనట్టే ఉంటుండిరి. మా దాదీ హసన్ బీ మాత్రం గోడను లెక్కజెయ్యలే. పొద్దుగాల చాయ మా ఇంట్ల తాగి, కట్టె పట్టుకొని వీధి చుట్టు తిరిగి పోయి చాచా ఇంట్ల రొట్టె తినేది. "నేను కన్నది ఇద్దర్ని. గోడను నేను కనలే" అనేది.

ఇగ చాచీ ఫోన్. ఆమె కోళ్ల గూడు కాడ గిన్నెలు తోముకుంట, ఫోన్‌ను గూటి మీద పెట్టిందట. అది మోగింది! మానుకోటకెల్లి ఉజ్మా. ఊర్ల నిలబడి ఫోన్ ఎత్తుడు మా ఊరి చరిత్రల అదే మొదలు. ఎట్లనంటే, రెండు గుట్టల నడుమ సందు ఒకటుంది. అవతలి టవర్ గాలి ఆ సందులకెల్లి వచ్చి, చక్కగ మా చాచా కోళ్ల గూటి మీద పడుతున్నది. రెండు అడుగులు ఇటు జరిగితే లేదు, అటు జరిగితే లేదు. గూడేమో గోడకు ఆనుకొనే ఉంది. గని అవతలి దిక్కు.

మాపటికల్లా ఊరంత చాచా వాకిట్లనే. చాచా మంచోడు, రావద్దనడు. చాపలేసిండు. కుండల నీళ్లు పెట్టిండు. రెండు రోజులకే కోళ్లు గూడు ఇడిచిపెట్టి చింతచెట్టెక్కి పండుకునుడు నేర్చినయి. చాచీకి గిన్నెలు తోమ జాగ లేకపాయె. అప్పుడు మా దాదీ కుర్చీ ఏసుకొని గూటి పక్కన కూసుంది. ఎవరెంతసేపు మాట్లాడాల్నో ఆమే చెప్పేది. ముచ్చట సాగదీస్తే కట్టెతోటి గూటి మీద కొట్టేది.

"పప్పు ఏం ఏసినవని అల్లుణ్ని అడిగితివి, ఆయన చెప్పె. ఇగ పెట్టెయ్ పెంటమ్మా. ఎనక సోమ్లీ ఉంది, తండ నుంచి నడిచొచ్చింది."

ఇవన్ని నేను గోడ ఇవతల నిలబడి వినుడే. ఊరు మొత్తంల ఆ వాకిట్ల అడుగుపెట్టంది మా ఇల్లు ఒక్కటే. అబ్బా ఖరాఖండిగ చెప్పిండు. "నాకు ఫోన్ కావాల్నంటే మలుపు దాంక పోత. నాకు కాళ్లున్నయి." మోటర్ కాలిపోయిన రైతులు ఫోన్ చేసి చేసి దొరకక, చాచా వాకిట్లకే చేసి "జర మీ అన్నకు చెప్పు" అనేటోళ్లు. చాచా ఎవరికి చెప్పకుండ గట్టిగ దగ్గి, "కోటయ్య బాయికాడ మోటర్ కాలిందట" అని కోళ్లకు చెప్పేటోడు. మా అబ్బా గోడ ఇవతల ఎవరికి చెప్పకుండ పానాలు, తీగలు సర్దుకొని పోయేటోడు. గంతే వాళ్ల ముచ్చట.

ఎండలు ముదిరినంక పెద్దవంగర నుంచి మా ఖాలా వచ్చింది. అమ్మీ అక్క. బస్సు దిగి మంచినీళ్లు సుత తాగకముందే మొదలుపెట్టింది.

"దేవరుప్పులల పిలగాడున్నడు. అబ్రార్. పశువుల దవాఖానల నౌకరి. తల్లికి మోకాలు ఆపరేషన్ అయింది, బస్సెక్కి రాలేదు. ముందుగాల వీడియోల చూస్తరట. నచ్చితే కాళ్లు మంచిగైనంక వస్తరు."

"అయితె సనాను పెద్దవంగర తీసుకపో. మీ ఇంట్ల సిగ్నల్ ఉంది గద" అన్నడు అబ్బా.

"నేనదే అన్న. పిలగాని తల్లి ఒప్పుకోలే. పిల్లను ఆమె ఇంట్లనే చూడాల్నట. ఇల్లు, వాకిలి, మనుషులు, అన్ని చూపెట్టాల్నట. శుక్రారం, జుమ్మా నాడు, నమాజు అయినంక చేస్త అన్నది."

ఇంట్ల అందరం ఒక్కసారే గోడ దిక్కు చూసినం. అబ్బా మాత్రం దూలం దిక్కు చూసిండు.

నాకు పెండ్లి మీద తొందరేం లేకుండె. గని ఖాలా చూపెట్టిన ఫోటోల ఆ పిలగాడు ఒక గొర్రెపిల్లను చంకల పెట్టుకొని నవ్వుతున్నడు. ఫోటోకు తయారైన నవ్వు కాదది. గొర్రెపిల్ల ఏదో చేస్తే వచ్చిన నవ్వు. నాకు ఆయన్ను ఒక్క మాట అడగాల్నని ఉండె. నా మిషన్ తెచ్చుకోనిస్తరా అని. ఇంతకుముందు వచ్చిన రెండు సంబంధాలోళ్లు "మా ఇంట్ల ఆడోళ్లు పని చెయ్యరు" అన్నరు, అదేదో నన్ను మెచ్చుకున్నట్టు.

అబ్బా ఆ వారమంత సిగ్నల్ ఎతికిండు. ఇంటి పెంకుల మీదికెక్కిండు. వేరే సిమ్ తెప్పిచ్చిండు. పొడుగు వెదురు బొంగుకు ఫోన్ కట్టి పైకి లేపిండు. బొంగు మీద ఒక పాయింట్ వచ్చింది గని, బొంగు చివర ఉన్న ఫోన్‌తోటి ఎట్ల మాట్లాడుతం? ఆఖరికి బొంగు కింద పెట్టి అన్నడు.

"వేరే సంబంధం చూద్దాం తియ్."

అమ్మీ పొయ్యి కాడ పిండి పిసుకుడు జోరైంది. నేనే అన్న.

"అబ్బా, చాచా ఇంటికి పోవద్దంటివి, పోలే. ఇప్పుడు ఆ గోడ కోసం సంబంధం ఇడిచిపెట్టుమంటె నేను ఇడిచిపెట్ట. నువ్వు పోకు. ఫోన్ పోతది. దాదీ నీ ఫోన్ తీసుకపోయి గూటి మీద పెడుతది. అందులకెల్లి సిగ్నల్ గోడ ఇవతల నా ఫోన్‌కు వస్తది. హాట్‌స్పాట్ అంటరు. మనం మన వాకిట్లనే కూసొని మాట్లాడొచ్చు."

అబ్బా బొంగును మూలకు ఆనిచ్చిండు. "నేను పోనవసరం లేదు గద?"

"లేదు."

"వాణ్ని అడగనవసరం లేదు గద?"

"దాదీ అడుగుతది."

"అయితె సరే" అన్నడు. దాదీ అడగనే లేదు. "జుమ్మా నాడు గూడు నాది" అని చాచాకు హుకుం ఇచ్చిందట. చాచా కోళ్ల గూడు కడిగి, మీద కొత్త తువాల పరిచిండని చాచీ తర్వాత చెప్పింది.

జుమ్మా నాడు నేను ఆకుపచ్చ పంజాబీ డ్రెస్ ఏసుకున్న. నేను కుట్టుకున్నదే. వాకిట్ల కుర్చీలు, నీళ్లు చల్లిన నేల, మందార చెట్టు. అబ్బా తెల్ల టోపి పెట్టుకొని, తన కండ్లకు గోడ కనవడకుండ గోడకే ఈపు పెట్టి కూసున్నడు. అవతల దాదీ కావలి. ఆ పొద్దు ఎవరు ఫోన్లకు రావద్దని చాచీ చెప్పినా ఎవ్వరు ఇనలే. ఫోన్ల కోసం రాలే వాళ్లు, చూడనీకె వచ్చిన్రు. గోడ అవతల గుసగుసలు ఇనవడుతనే ఉన్నయి.

ఫోన్ కలిసింది. పిలగాని తండ్రి మా బడిల చెప్పిన వెంకట్రాం సారు దోస్తంట, ఆయన సుత బడిపంతులుగ చేసి దిగిపోయిండట, ఆ ముచ్చట్లన్నీ చెప్పుకుంట నెమ్మదిగ మాట్లాడిండు. అబ్బా సుత మంచిగనే మాట్లాడుతుండె. "మా ఇల్లు చిన్నదే గని..." అని నోరు తెరిచిండు. గంతే. ఫోన్ల బొమ్మ ఆగిపోయింది. తర్వాత వాళ్లు చెప్పిన్రు, మా అబ్బా నోరు తెరిచినట్టే ఉండిపోయిండట, పండ్ల డాక్టర్ కాడ కూసున్నట్టు.

"అమ్మా, ఏం చేసినవే!" అని అరిచిండు అబ్బా గోడ అవతలికి.

"ఏమో రా, ఫోన్ నల్లగైతె ఏదో ఒత్తిన" అన్నది దాదీ.

దాదీ తెలిసి ఒత్తిందా, తెలువక ఒత్తిందా, ఇప్పటికీ నాకు అనుమానమే. అడిగితే పండ్లు లేని నోటితోటి నవ్వుతది.

అబ్బాకు ఆగబుద్ధి కాలే. స్టూల్ తెచ్చి గోడకేసి ఎక్కిండు. తల అవతలికి పెట్టేసరికే, గూటి మీది ఫోన్ మోగింది. దేవరుప్పుల నుంచే. ఇటు తెగిపోయిందని వాళ్లు అబ్బా నంబర్‌కే వీడియో చేసిన్రు. దాదీ ఆ ఫోన్‌ను తీసి, పక్కన నిలబడ్డ చాచా చేతుల పెట్టింది.

చాచా ఎత్తిండు.

"అస్సలాం అలైకుం. మళ్ల దొరికిన్రు!" అన్నడు పిలగాని తండ్రి. ఆయన కంటద్దాలు సరిచేసుకున్నడు. "మీరు... పిల్ల బాపునా? ఇందాక వేరే ఆయన కనవడ్డరు."

నేను కుర్చీ ఎక్కి చూస్తున్న. చాచా తలెత్తి అబ్బాను చూసిండు. అబ్బా గోడ మీద గడ్డం ఆనిచ్చి, టోపి జారిపోయి, చాచాను చూసిండు. అన్ని రోజుల తర్వాత అంత దగ్గరనుంచి చూసుకునుడు అదే.

"వాలేకుం సలాం" అన్నడు చాచా. "నేను చిన్నోణ్ని. పిల్ల చాచాను. మా అన్న గీడ్నే ఉన్నడు, సూడుండ్రి" అని ఫోన్ పైకి తిప్పిండు.

"గోడ మీద ఎందుకున్నడు?"

చాచా ఫోన్ ఇంకొంచెం పైకి లేపిండు. "సిగ్నల్ మంచిగ రావాల్నని నా కోసం ఎక్కిండు. మా ఇంట్ల ఏ కష్టమన్న ముందుగాల మా అన్ననే ఎక్కుతడు" అన్నడు.

అబ్బా గొంతు సవరించుకొని, "హౌ, హౌ" అన్నడు.

"పిల్ల ఏది మరి?"

అబ్బా నా దిక్కు తిరిగిండు. "పో బిడ్డా, చాచా కాడికి పో" అన్నడు మెల్లగ.

నేను చెప్పులు సుత ఏసుకోలే. వీధి చుట్టు ఉరికిన. ఎనక అమ్మీ. చాచా గడపల అడుగుపెట్టంగనే చాచీ నా చున్నీ సరిచేసి, నా చంక కింది కుట్టు పట్టి చూసింది. "లోపల ఇంకో కుట్టెయ్యాలె. గీ మాత్రం చెప్పలేదా నేను" అని కండ్లు తుడుచుకుంది.

నన్ను గూటి కాడ నిలవెట్టిన్రు. పిలగాని తల్లి నన్ను చూసింది, డ్రెస్ ఎవరు కుట్టిన్రని అడిగింది. నేనే అన్న. మెడ కాడికి ఫోన్ జరుపుమన్నది, అంచుకు కుట్టిన పైపింగ్ చూసింది. తర్వాత "పిల్లలు ఇద్దరు మాట్లాడుకోనియ్యుండ్రి" అని కొడుకు చేతికి ఫోన్ ఇచ్చింది.

అబ్రార్ వచ్చిండు. ఫోటోల కంటె జర సన్నగున్నడు. సిగ్గుతోటి కిందికి చూస్తున్నడు. నేను అందరు పక్కకు పోతరేమో అని ఆగిన. ఎవ్వరు కదలలే. ఎటు పోతరు? చంద్రయ్య తాత చాప మీద బాసింపట్లేసుకొని కూసున్నడు. సోమ్లీ కుండ కాడ. పెంటమ్మ అయితె నా భుజం మీదికెల్లి ఫోన్లకే చూస్తున్నది.

"అక్కడ... ఒక్కరే ఉన్నరా?" అని అడిగిండు అబ్రార్.

"లేదు. ఊరంత ఉంది" అన్న.

ఆయన నవ్విండు. గొర్రెపిల్ల నవ్వు అదే.

"పశువుల డాక్టరువా బిడ్డా నువ్వు?" పెంటమ్మ నడుమల జొచ్చింది.

"డాక్టర్ కాదవ్వా, ఆయన కింద పనిచేస్త."

"అదే, అదే. మా మేక పొద్దుగాల్నుంచి మెయ్యది, నడువది. కడుపు డప్పు లెక్క ఉబ్బింది. జర చూడు."

"పెంటమ్మా!" అని చాచీ కసిరేలోపలే పెంటమ్మ ఉరికింది. మేకను గుంజుకొచ్చింది. ఇగ నా పెండ్లిచూపులల్ల మేక నిలబడ్డది. నేను సిగ్గుతోటి చచ్చిపోయిన. ఈ సంబంధం పోయింది, ఇగ జన్మల దేవరుప్పుల మొఖం చూడనియ్యరు అనుకున్న.

గని ఆయన తల దగ్గరికి పెట్టిండు. "ఎడమ దిక్కు చూపెట్టు అవ్వా. రాత్రి ఏం తిన్నది?"

"సోమ్లీ మనుమరాలి బారసాల బువ్వ మిగిలితె పెట్టిన. మంచిగ తింటది గద అని."

"గదే అయింది. మంచి నూనె జర మెల్లమెల్లగ తాపియ్యి, నోట్ల కుమ్మరియ్యకు, పొర పోతది. నడిపియ్యి. మాపటికల్ల తగ్గకపోతె మీ దగ్గరి దవాఖానకు తప్పకుండ తీసుకపో. ఫోన్ల చూసి చెప్పుడు ఇదే, దగ్గర చూస్తేనే ఎరుకైతది." మేక మొఖం చూసి, "దాని పేరేంది?" అన్నడు.

"మేకకు పేరేంది బిడ్డా? మేకనే" అన్నది పెంటమ్మ. గని ఆమెకు ఆ మాట మస్తు నచ్చింది. మేకను తీసుకపోతు, అందరికి ఇనవడేటట్టు నా చెవుల చెప్పింది. "చేసుకో పిల్లా. మంచోడు."

వాకిలంత నవ్వింది. ఫోన్ల ఆయన సుత నవ్విండు. ఆ నవ్వులల్ల నాకు ధైర్యమొచ్చి అడిగిన.

"నాకు మిషన్ ఉంది. తెచ్చుకోవచ్చా?"

"మా ఇంట్ల వీధి దిక్కు అర్ర ఉంది, ఎలుతురు మంచిగొస్తది" అన్నడు. "అమ్మ ఇందాకటి నుంచి అదే అంటున్నది. ఆ మెడ ఆమెకు కావాల్నట."

నేను తలెత్తి చూసేసరికి అబ్బా ఇంక గోడ మీదనే ఉన్నడు. దిగబుద్ధి కాలే, ఇవతలికి దుంకబుద్ధి కాలే. చాచీ చాయ పెట్టి అందరికి పోసింది. ఆఖరికి ఒక గ్లాసు పట్టుకొని గోడ కాడికొచ్చి, చెయ్యి పైకి చాపింది. అబ్బా గ్లాసును చూసిండు. చాచా ఎటో చింతచెట్టు దిక్కు చూస్తున్నడు. అబ్బా చాయ తీసుకున్నడు. గోడ మీదనే ఊదుకుంట తాగిండు.

ఫోన్ పెట్టేముందు పిలగాని తల్లి అడిగింది. "మీది ఉమ్మడి కుటుంబమా?"

"హౌ, ఉమ్మడే" అన్నడు చాచా.

"నడుమల గోడేంది మరి?"

దాదీ కుర్చీలకెల్లి ముందుకొంగి, ఫోన్‌ల మొఖం పెట్టి చెప్పింది. "మేకలు దాటకుండ."

వాళ్లు నెల తిరగకముందే వస్తమన్నరు. ఇగ మా ఇంట్ల కొత్త పరేషాన్. మేక లేదు, గోడ ఉంది. ఒకనాడు పొద్దుగాల నేను నిద్ర లేచేసరికి ఇటుకల చప్పుడు. అబ్బా ఇటునుంచి, చాచా అటునుంచి గడ్డపారలేసి పొడుస్తున్నరు. ఎవరు ఎవరిని పిలిచిన్రో తెలువది. మాటలు మాత్రం మొదలైనయి, అవి అన్ని తిట్లే.

"ఇంత ఎడల్పు ఎందుకు రా? ఆటో తోలుతవా లోపలికి?"

"పిలగాని తల్లి కట్టె పట్టుకొని వస్తది. ఇరుక్కుంటె?"

"అయితె ఇక్కడ దర్వాజ పెడదాం. నా దగ్గర పాతది ఉంది."

చాచా గడ్డపార ఆపిండు. "దర్వాజ వద్దు భాయ్. దర్వాజ పెడితె మూసే పని పడతది."

అబ్బా రాలిన ఇటుకలను ఒక్కొక్కటే ఏరి పక్కకు పేర్చిండు. దర్వాజ మళ్ల మాటకు రాలే.

వాళ్లు వచ్చిన నాడు చాచానే బస్టాండ్ కాడికి ఆటో తీసుకపోయిండు. పిలగాని తల్లి గోడల తీసిన సందులకెల్లి ఇటు దాటింది, అటు దాటింది, మా మందార, వాళ్ల చింత, అన్ని చూసింది. గోడ గురించి ఒక్క మాట అడగలే. అబ్రార్ దిగంగనే "మేక ఎట్లుంది?" అని అడిగిండు. పెంటమ్మ దాన్ని కడిగి, మెడల గంట కట్టి తెచ్చింది. ఆ పొద్దే మిఠాయి పంచుకున్నం. దాల్చా చాచీ, అమ్మీ కలిసి వండిన్రు. అబ్బా మూడుసార్లు ఏపిచ్చుకొని తిన్నడు, పేరు పెట్టనీకె మాత్రం నోరు తెరవలే.

తొలకరికి ముందు లారీల ఇనుప కడ్డీలొచ్చినయి. ఊరి మొదట్ల టవర్ లేసింది. ఒకనాడు మబ్బు పట్టి ఉంది, అందరం నార్లకు మడులు తయారుచేసే పనుల ఉన్నం. ఒక్కసారే ఊర్ల ఉన్న ఫోన్లన్ని మోగినయి. అరుగుల మీద, గూళ్లల్ల, జేబులల్ల, పొలం గట్ల మీద. ఎన్నడో ఎవరో పంపిన సలాములు, పండుగ ముచ్చట్లు, పాత ఫోటోలు, అన్ని ఆ పొద్దే వచ్చి పడ్డయి. చంద్రయ్య తాత పొలంల నిలబడి, బురద చేతులతోటే బిడ్డకు ఫోన్ చేసి, "నేను పొలం కాడ్నే ఉన్న బిడ్డా! పొలం కాడ్నే!" అని గుట్ట మీద ఒర్రినట్టే ఒర్రిండు. ఒర్రనవసరం లేదని ఆయనకు ఎవరు చెప్పలే.

చాచా వాకిలి బోసిపోయింది. కోళ్లు చెట్టు దిగి గూట్లకొచ్చినయి. దాదీ మాత్రం నాలుగు రోజులు అలిగి కూసుంది. "నా నౌకరి పోయింది" అనేది. అయినా మాపటీలి పెంటమ్మ, సోమ్లీ అలవాటుకు వచ్చి ఆమె పక్కన చాప మీద కూసునేటోళ్లు. ఫోన్లు కొంగుల ముడేసుకొని ఉత్తగనే ముచ్చట పెట్టేటోళ్లు.

వానలు తగ్గినంక నా పెండ్లి అయింది. ఇప్పుడు దేవరుప్పులల ఉంటున్న. వీధి దిక్కు అర్రల మిషన్ పెట్టుకున్న. మా అత్తకు ఆ మెడతోటి ఇప్పటికి నాలుగు డ్రెస్సులు కుట్టిన, ఇంక తనివి తీరలే. ఈయన మాపటికి దవాఖాన నుంచి వచ్చి, ఏ బర్రె తన్నిందో, ఏ కుక్క కరిచిందో చెప్తడు.

మొన్న ఐతారం ఇంటికి ఫోన్ చేసిన. మా ఊర్ల ఇప్పుడు సిగ్నల్ నిండుగ ఉంటది. మోగింది, మోగింది, మోగింది. ఎత్తేటోళ్లే లేరు. అబ్బాకు చేసిన, ఎత్తలే. అమ్మీకి చేసిన, ఎత్తలే. జర గాబరా అయి చాచీకి చేసిన. ఎత్తింది.

"అందరు గీడ్నే ఉన్నరు బిడ్డా. మీ అబ్బా, మీ చాచా లొల్లి పెట్టుకుంటున్నరు. మోటర్ తీగ ఆటోల ఎట్ల కట్టాల్నో ఇద్దరికి పడుతలేదు. జర ఆగు, నీళ్లు మసులుతున్నయి" అని ఫోన్ ఎక్కడో పెట్టి పోయింది. కట్ చెయ్యలే.

నాకు పెట్టెయ్యబుద్ధి కాలే. ఫోన్‌ను కిటికీల నిలవెట్టి, బియ్యం చాటల పోసుకొని ఏరుకుంట కూసున్న. అవతల మా అబ్బా, "నీకు తీగ కట్టుడు నేర్పింది ఎవడు రా?" అంటున్నడు. "నువ్వే భాయ్" అంటున్నడు చాచా. దాదీ ఎవరినో కూసోమంటున్నది. గ్లాసుల చప్పుడైంది. నేను మళ్ల నాలుగు మెరిగెలు ఏరి పక్కకు పడేసి, వింటనే ఉన్న.